క్రమం లేని పదార్థాన్ని క్వాంటమ్ కంప్యూటర్‌లో మోడల్ చేయడం ఎలా?

సిలికాన్ స్ఫటికంలో కొద్దిగా ఫాస్ఫరస్ కలిపితే ఆ ఫాస్ఫరస్ పరమాణువులు వరసగా కూర్చోవు, ఎక్కడ పడితే అక్కడ చేరతాయి. మిశ్రలోహాల్లోనూ అంతే, గాజులోనూ అంతే, సోలార్ ప్యానెళ్లలో వాడే అమార్ఫస్ సిలికాన్‌లోనూ అంతే. పాఠ్యపుస్తకాలు మాత్రం పరమాణువులన్నీ సమాన దూరంలో ఉన్నాయనుకుని లెక్క మొదలుపెడతాయి. 1950ల్లో బెల్ ల్యాబ్స్‌లో జార్జ్ ఫెహర్ ఫాస్ఫరస్ కలిపిన సిలికాన్ మీద ప్రయోగాలు చేస్తుంటే, ఎలక్ట్రాన్ స్పిన్‌లు అనుకున్నదానికంటే చాలా ఎక్కువసేపు తమ స్థితిని నిలుపుకున్నాయి. అక్కడే పనిచేస్తున్న ఫిలిప్ ఆండర్సన్ దానికి కారణం వెతుకుతూ 1958లో ఒక పరిశోధన పత్రం రాశారు. ఈ క్రమం లేకపోవడం, అంటే డిజార్డర్, తగినంత ఉంటే ఎలక్ట్రాన్ తరంగం పదార్థమంతా పాకదని, మొదలైన చోటికి చుట్టుపక్కలే ఆగిపోతుందని అందులో చూపించారు. దీన్నే ఆండర్సన్ లోకలైజేషన్ అంటారు. 1977లో నెవిల్ మాట్, జాన్ వాన్ వ్లెక్‌లతో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఆ లోకలైజేషన్ కనబడే అతి సరళమైన మోడల్‌ను, అంటే ఒకే వరసలో స్థానాలుండే ఆండర్సన్ గొలుసును, 12 క్యూబిట్ల మీద కట్టి, ముందు ల్యాప్‌టాప్‌లో సరిచూసి, తర్వాత అసలు యంత్రం మీద నడిపి, చివరికి ఎలక్ట్రాన్ల మధ్య పరస్పర ప్రభావం కూడా కలిపే దాకా ఇక్కడ వివరిస్తాను. మీకు పైథాన్ వచ్చి ఉండాలి, మాట్రిక్సులు తెలిసి ఉండాలి, క్వాంటమ్ గేట్ అంటే ఏమిటో ప్రాథమికంగా తెలిసి ఉండాలి. అంతకుమించి అక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. లోకలైజేషన్ అంటే పదార్థం తన పాత స్థితిని మరిచిపోకపోవడం. క్వాంటమ్ యంత్రంలో నాయిస్ చేసే పనేమో సరిగ్గా ఆ మరపు తేవడం. కాబట్టి మీ గ్రాఫ్ కిందికి జారినప్పుడు మరిచిపోయింది పదార్థమా, యంత్రమా అన్నది తేల్చుకోవాలి. అది తేల్చకుండా ఇచ్చిన ఫలితానికి విలువ లేదు. కింద చెప్పే పనిలో సగం శ్రమ ఈ ఒక్క ప్రశ్న కోసమే.

మొదటి అడుగు: ఏ ప్రశ్న అడగాలో తేల్చుకోండి

క్రమం లేని పదార్థం గురించి వచ్చే ప్రతి ప్రశ్నా క్వాంటమ్ కంప్యూటర్‌కు తగినది కాదు. గాజులో పరమాణువులు ఎలా అమరి ఉన్నాయన్నది, వాటి కదలికలను అడుగడుగునా లెక్కించే మాలిక్యులర్ డైనమిక్స్ చూసుకుంటుంది. మిశ్రలోహంలో ఏ స్థానంలో ఏ పరమాణువు ఉంటే శక్తి తక్కువన్నది, యాదృచ్ఛిక నమూనాలతో వెతికే మాంటీ కార్లో పద్ధతి చాలా వరకు తేలుస్తుంది. ఒకదానితో ఒకటి ప్రభావం చూపుకోని ఎలక్ట్రాన్ల కదలిక అయితే వేల స్థానాల గొలుసుకైనా ల్యాప్‌టాప్‌లో నిమిషాల్లో వచ్చేస్తుంది.

కష్టం ఎక్కడంటే, డిజార్డర్, ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావం, కాలంతో మార్పు ఈ మూడూ కలిసిన చోట. 30 క్యూబిట్ల స్థితిని పూర్తిగా నిల్వ చేయడానికి 16 గిగాబైట్ల మెమరీ కావాలి. 50 క్యూబిట్లకు 16 పెటాబైట్లు. మరి అలాంటి ప్రతి సమస్యా క్వాంటమ్‌కే వదలాలా అంటే, అదీ కాదు. డిజార్డర్ బాగా బలంగా ఉంటే స్థానాల మధ్య ఎంటాంగిల్‌మెంట్ (విడదీయలేని క్వాంటమ్ ముడి) లాగరిథమ్ అంత నెమ్మదిగానే పెరుగుతుంది. అప్పుడు ఎంటాంగిల్‌మెంట్ తక్కువున్న స్థితులను కుదించి దాచే టెన్సర్ నెట్‌వర్క్ పద్ధతులు సాధారణ కంప్యూటర్ల మీదే పని కానిచ్చేస్తాయి. డిజార్డర్ బాగా తక్కువైతే పదార్థం త్వరగా సమతౌల్యానికి వస్తుంది, అక్కడ ఆసక్తికరమైనది పెద్దగా మిగలదు. నిజంగా మనకు చేతకాని ప్రాంతం ఈ రెండింటి మధ్యలో ఉంది. క్వాంటమ్ కంప్యూటర్ అక్కర అక్కడ ఉందని నా అభిప్రాయం. అంతదూరం వెళ్లాలంటే సమాధానం ముందే తెలిసిన ఆండర్సన్ గొలుసు మీద చేయి తిరగాలి.

రెండో అడుగు: మోడల్ రాయండి

12 స్థానాల గొలుసు తీసుకోండి. ఎలక్ట్రాన్ ఉన్న స్థానానికి 1, లేని స్థానానికి 0. ఒక్కో స్థానానికి ఒక్కో క్యూబిట్. మోడల్‌లో రెండే ముక్కలున్నాయి.

మొదటిది గెంతు. ఎలక్ట్రాన్ పక్క స్థానానికి గెంతే బలాన్ని జె అందాం. దీన్నే కొలమానంగా పెట్టుకుని మిగతా అన్నింటినీ జె లెక్కలో చెప్పుకుంటాం. రెండోది స్థాన శక్తి. ప్రతి స్థానానికీ మైనస్ డబ్ల్యూ బై 2 నుంచి ప్లస్ డబ్ల్యూ బై 2 మధ్యలో ఏదో ఒక యాదృచ్ఛిక సంఖ్య. డబ్ల్యూ ఎంత పెద్దదైతే డిజార్డర్ అంత బలమైనది.

డబ్ల్యూ ఎంత పెట్టాలన్న దగ్గర జాగ్రత్త పడాలి. ఒకే దిశలో సాగే గొలుసులో ఎంత చిన్న డిజార్డర్ ఉన్నా లోకలైజేషన్ జరుగుతుందని సిద్ధాంతం చెబుతుంది. నిజమే, కానీ తరంగం ఎంత దూరం పాకాక ఆగుతుందన్నది వేరే సంగతి. శక్తి పట్టీ మధ్యలో ఆ దూరం సుమారుగా 105ను డబ్ల్యూ బై జె వర్గంతో భాగిస్తే వస్తుంది. డబ్ల్యూ ఒక జె అయితే వంద స్థానాలకు పైమాటే. మీ దగ్గర ఉన్నవి 12. తరంగం గొలుసు చివరలకు తగిలి వెనక్కి వస్తుంది తప్ప లోకలైజేషన్ కనబడదు. డబ్ల్యూ 5 జె అయితే ఆ దూరం 4 స్థానాలు, ఇక 12 స్థానాల గొలుసులో స్పష్టంగా చూడొచ్చు. అందుకని 5, 8 జెల దగ్గర మొదలుపెట్టండి.

డిజార్డర్‌కు బదులు ఇంకో రకం గొలుసు కూడా పక్కన పెట్టుకుంటే మేలు. స్థాన శక్తులను యాదృచ్ఛికంగా కాకుండా కొసైన్ తరంగం ప్రకారం పెట్టి, ఆ తరంగం పౌనఃపున్యాన్ని స్వర్ణ నిష్పత్తి నుంచి వచ్చే 0.618గా తీసుకుంటే అది 1980లో ఓబ్రీ, ఆండ్రే ప్రతిపాదించిన మోడల్ అవుతుంది. దీని అందం ఏమిటంటే కొసైన్ ఎత్తు సరిగ్గా 2 జె దాటగానే అన్ని స్థితులూ ఒకేసారి లోకలైజ్ అవుతాయి. 4 జె దగ్గర తరంగం పాకే దూరం 1.44 స్థానాలని ఖచ్చితంగా లెక్కకట్టొచ్చు. ఇంత స్పష్టమైన సమాధానం ముందే చేతిలో ఉండే పరీక్ష మరొకటి దొరకదు. 2015లో మ్యూనిక్‌లో ఇమ్మాన్యుయేల్ బ్లాక్ బృందం చల్లబరచిన పరమాణువులతో చేసిన ప్రసిద్ధ ప్రయోగమూ ఈ మోడల్‌కు పరస్పర ప్రభావం కలిపినదే.

మూడో అడుగు: ఏం కొలవాలి

మ్యూనిక్ బృందం కొలిచినదాన్నే మనమూ కొలుద్దాం. స్థానం విడిచి స్థానంలో ఎలక్ట్రాన్ పెట్టి మొదలుపెట్టండి: 1, 0, 1, 0 అలా. కాసేపయ్యాక మొదట నిండుగా ఉన్న స్థానాల్లో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయి, ఖాళీగా ఉన్న స్థానాల్లోకి ఎన్ని వచ్చాయి చూసి, ఆ రెండింటి తేడాను మొత్తంతో భాగించండి. దీన్ని ఇంబ్యాలెన్స్ అంటారు. మొదట్లో 1. అంతా కలిసిపోతే 0. చాలా సేపటి తర్వాత కూడా 0కి పైన ఒక స్థాయిలో నిలబడితే పదార్థం గుర్తుపెట్టుకున్నట్టే.

నాలుగో అడుగు: ముందు ల్యాప్‌టాప్‌లో జవాబు తెచ్చుకోండి

పైథాన్‌లో నంపై, సైపై ఉంటే చాలు. పరస్పర ప్రభావం లేనప్పుడు 12 అడ్డం, 12 నిలువు ఉన్న ఒక్క మాట్రిక్స్‌ను పరిష్కరిస్తే మొత్తం కథ వచ్చేస్తుంది.

మొదటి పరీక్ష డిజార్డర్ లేకుండా చేయండి. అనంతమైన గొలుసులో ఇంబ్యాలెన్స్ కాలంతో సున్నా వరుస బెసెల్ ఫంక్షన్ దారిలో నడుస్తుందని, దాని లోపలి విలువ 4 జె ఇంటూ కాలం అని సిద్ధాంతం. కాలాన్ని జె లెక్కలో కొలిస్తే 0.6 దగ్గర ఇంబ్యాలెన్స్ 0ను దాటి కిందికి దిగుతుంది, 0.96 దగ్గర మైనస్ 0.4కు చేరి మళ్లీ పైకి వస్తుంది. మీ 12 స్థానాల గొలుసులో చివరల వల్ల కొద్దిగా తేడా వస్తుంది, అయినా ఈ ఆకారం కచ్చితంగా కనబడాలి. కనబడకపోతే మీ గెంతు గేట్ కోణంలో 2 తోనో, సగం తోనో తప్పు జరిగినట్టు. ఈ ఒక్క పరీక్ష తర్వాతి బోలెడంత టెన్షన్‌ను తప్పిస్తుంది.

ఐదో అడుగు: సర్క్యూట్ కట్టండి

ఇక్కడ ఐబీఎం వారి పైథాన్ లైబ్రరీ క్విస్కిట్ వాడుతున్నాననుకోండి. గూగుల్ వారి సర్క్‌లోనూ ఇంచుమించు ఇవే పనులు.

ఒకే వరసలో ఉన్న గొలుసుకు ఎలక్ట్రాన్ల గణితాన్ని క్యూబిట్ల గణితంగా మార్చే జోర్డాన్, విగ్నర్‌ల మార్పిడితో ఎలక్ట్రాన్ గెంతు పక్కపక్క రెండు క్యూబిట్ల మధ్య గేట్‌గా నేరుగా మారిపోతుంది, అదనపు గేట్లేవీ రావు. క్విస్కిట్‌లో దీనికి ఎక్స్‌ఎక్స్‌ప్లస్‌వైవై అనే గేట్ ఉంది. దానికిచ్చే కోణం 2 ఇంటూ జె ఇంటూ కాలపు ముక్క (ఈ ముక్క ఏమిటో వెంటనే కింద చెబుతాను). స్థాన శక్తికి ఒక్కో క్యూబిట్ మీద ఫేజ్ గేట్ సరిపోతుంది, కోణం మైనస్ స్థాన శక్తి ఇంటూ కాలపు ముక్క.

కాలాన్ని చిన్న ముక్కలుగా కోయడాన్ని ట్రాటర్ పద్ధతి అంటారు. ఒక్కో ముక్కలో గేట్లను ఈ క్రమంలో పెట్టండి. ముందు 0-1, 2-3, 4-5 లాంటి జతలకు సగం గెంతు, అంటే సగం కోణం. తర్వాత అన్ని క్యూబిట్లకు సగం ఫేజ్. ఆపై 1-2, 3-4 లాంటి మధ్య జతలకు పూర్తి గెంతు. మళ్లీ సగం ఫేజ్, మళ్లీ మొదటి జతలకు సగం గెంతు. ఒక ముక్క చివరి సగం, తర్వాతి ముక్క మొదటి సగం ఒకే జతల మీద పడతాయి కాబట్టి వాటిని కలిపేయొచ్చు. ఇలా చేస్తే రెండో స్థాయి ఖచ్చితత్వం దాదాపు ఉచితంగా వస్తుంది. అదనంగా పడేది మొత్తం సర్క్యూట్‌కు ఒక్క పొర మాత్రమే.

లెక్క చూద్దాం. 12 క్యూబిట్లకు మొదటి రకం జతలు 6, రెండో రకం 5. 20 ముక్కలకు మొత్తం 226 గెంతు గేట్లు. ఐబీఎం వారి హెరాన్ ప్రాసెసర్ ఉన్న యంత్రాల్లో ఒక్కో గెంతుకు 2 సీజెడ్ (రెండు క్యూబిట్ల మీద పనిచేసే కంట్రోల్డ్-జెడ్) గేట్లు పడతాయి, అంటే 452. ఒక్కో సీజెడ్‌లో 0.3 శాతం దోషం ఉందనుకుంటే మొత్తం సర్క్యూట్ ఒక్క దోషమూ లేకుండా ముగిసే అవకాశం సుమారు 26 శాతం. ఇంబ్యాలెన్స్ ఒక్కో స్థానాన్ని విడివిడిగా చూసే కొలత కాబట్టి నష్టం ఇంత దారుణంగా ఉండదు. అయినా ఈ సంఖ్య ముందే తెలిసి ఉంటే ఎన్ని ముక్కల దాకా వెళ్లాలో నిర్ణయించుకోవచ్చు.

బిట్ల వరుస విషయంలో చాలామంది చిక్కుకుపోతారు. క్విస్కిట్ ఇచ్చే ఫలితంలో సున్నా క్యూబిట్ కుడి చివర ఉంటుంది. 12 లాంటి సరి సంఖ్యలో క్యూబిట్లు ఉన్నప్పుడు వరసను తిప్పి చదివితే నిండు స్థానాలు, ఖాళీ స్థానాలు తారుమారై ఇంబ్యాలెన్స్ గుర్తు మారిపోతుంది. గేట్లేవీ లేకుండా నడిపినప్పుడు జవాబు ప్లస్ 1 వచ్చిందో లేదో ముందు చూసుకోండి.

ఆరో అడుగు: కాలపు ముక్క ఎంత?

జె ఇంటూ కాలపు ముక్క 0.25 అంటే బాగానే ఉంటుందని చాలామంది చెబుతారు. క్రమం ఉన్న పదార్థానికి అది సరే. డిజార్డర్ ఉన్నప్పుడు మాత్రం చూడాల్సింది గెంతును కాదు, అన్నిటికంటే పెద్ద స్థాన శక్తిని. డబ్ల్యూ 8 జె అయితే గరిష్ఠ స్థాన శక్తి 4 జె, దాన్ని 0.25తో గుణిస్తే 1. ఇది నేను ఒప్పుకునే హద్దు.

దీన్ని మీరితే ఏమవుతుందో చెబుతాను, ఎందుకంటే ఇది డిజార్డర్ సమస్యలకే ప్రత్యేకమైన ప్రమాదం. ఫేజ్ ఒక పూర్తి చుట్టు తిరిగితే మళ్లీ మొదటికే వస్తుంది. డబ్ల్యూ 8 జె ఉన్నప్పుడు ముక్కను సుమారు 0.79 దాకా పెంచారనుకోండి. ప్లస్ 4 జె శక్తి ఉన్న స్థానానికి, మైనస్ 4 జె శక్తి ఉన్న స్థానానికి ఒకే ఫేజ్ పడుతుంది. అసలు పదార్థంలో ఆ రెండింటి మధ్య పెద్ద గోడ ఉంది. మీ సర్క్యూట్‌లో ఆ గోడ లేదు, ఎలక్ట్రాన్ హాయిగా దాటిపోతుంది. గ్రాఫ్‌లో లోకలైజేషన్ కరిగిపోతున్నట్టు కనబడుతుంది. అది పదార్థ ధర్మం కాదు, మీ ముక్క పెద్దదవడం. అందుకే సిమ్యులేటర్ మీద ఒకసారి ముక్కను సగం చేసి నడిపి, రెండు గీతలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయో లేదో తప్పకుండా చూడండి.

ఏడో అడుగు: డిజార్డర్ సగటు, షాట్ల బడ్జెట్

ఒకే యాదృచ్ఛిక శక్తుల జాబితాతో వచ్చిన ఫలితం ఒక్క నమూనా గురించి మాత్రమే చెబుతుంది. పదార్థం గురించి చెప్పాలంటే చాలా జాబితాల మీద సగటు తీయాలి. యంత్రం మీద సమయమేమో పరిమితం. ఒక్కో జాబితాకు ఎక్కువ షాట్లు (సర్క్యూట్‌ను ఒకసారి నడిపి కొలవడం ఒక షాట్) పెట్టాలా, ఎక్కువ జాబితాలకు తక్కువ షాట్లు పెట్టాలా?

ఎక్కువ జాబితాలే మేలు. 12 క్యూబిట్ల గొలుసులో ఒక్క షాట్ ఇచ్చే ఇంబ్యాలెన్స్‌లో ఊగిసలాట సుమారు 0.3. 1000 షాట్లు తీస్తే అది 0.01కు దిగుతుంది. ఇంత చిన్న గొలుసులో జాబితాకూ జాబితాకూ మధ్య తేడా దీనికంటే చాలా ఎక్కువ. షాట్లను 4000 చేసి జాబితాలను 20కి కుదించడం కంటే, 1000 షాట్లతో 80 జాబితాలు నడపడం అన్ని విధాలా మంచిది. మొత్తం షాట్లు ఒకటే అయినప్పుడు షాట్ల వల్ల వచ్చే అనిశ్చితి మారదు, జాబితాల వల్ల వచ్చేది మాత్రం సగానికి దిగుతుంది.

80 జాబితాలకు 80 సర్క్యూట్లు విడివిడిగా కంపైల్ చేయకండి. స్థాన శక్తులను పారామీటర్లుగా వదిలేసి ఒక్కసారి ట్రాన్స్‌పైల్ చేయండి, అంటే యంత్రానికి ఉన్న గేట్లలోకి మార్చండి. సర్క్యూట్‌ను నడిపి షాట్లు తెచ్చే క్విస్కిట్ శాంప్లర్‌కు ఆ ఒక్క సర్క్యూట్, దానితో పాటు 80 వరసల సంఖ్యల పట్టిక ఇస్తే చాలు. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది: అన్ని జాబితాలూ అవే క్యూబిట్ల మీద, అదే గేట్ల అమరికతో నడుస్తాయి కాబట్టి పోలిక న్యాయంగా ఉంటుంది. యాదృచ్ఛిక సంఖ్యల సీడ్ దాచుకోండి. అవే జాబితాలను ల్యాప్‌టాప్‌లో కూడా నడిపి ఒక్కొక్కటిగా పోల్చాలి.

ఐబీఎం ఉచిత ప్లాన్‌లో నెలకు దొరికేది 10 నిమిషాలు. ఒక్కో షాట్‌కు పావు మిల్లీసెకను అనుకుంటే, 80 జాబితాలు, 20 సమయాలు, 1000 షాట్లు కలిపి 400 సెకన్లు. ఇంకా దోషాల పరీక్షలు మిగిలే ఉన్నాయి. కాబట్టి సమయాలను 5కు తగ్గించండి. మొదట్లో వచ్చే ఊగిసలాటను సిమ్యులేటర్ ఎలాగూ చూపిస్తుంది, యంత్రం మీద చివరి స్థాయి ముఖ్యం.

డిజార్డర్లన్నింటినీ అదనపు క్యూబిట్లలో సూపర్‌పొజిషన్‌గా పెట్టి ఒకేసారి నడిపే ఉపాయాన్ని 2005లో పరేడెస్, వెర్‌స్ట్రాటే, సిరాక్ ప్రతిపాదించారు. చదవడానికి చాలా బాగుంటుంది. కానీ కొలిచినప్పుడు ఒక్కో షాట్‌లో బయటికొచ్చేది ఒక్క డిజార్డర్ ఫలితమే, కాబట్టి షాట్‌కొక కొత్త జాబితా పెట్టినదానికీ దీనికీ సగటులో తేడా ఉండదు. అదనపు గేట్లు మాత్రం తప్పవు. ఇప్పటి యంత్రాల మీద వద్దు.

ఎనిమిదో అడుగు: అసలు యంత్రం

156 క్యూబిట్ల హెరాన్‌లో మీకు కావలసింది ఒకదాని పక్కన ఒకటి ఉన్న 12 మాత్రమే. క్యాలిబ్రేషన్ పట్టిక తెరిచి సీజెడ్ దోషం, రీడౌట్ (కొలత) దోషం తక్కువ ఉన్న గొలుసును ఎంచుకోండి. ఒక్క చెడ్డ జత గొలుసు మధ్యలో పడితే మొత్తం పాడవుతుంది. సగటు దోషం చూసి మోసపోవద్దు, అన్నిటికంటే చెడ్డ జత ఏదో చూడండి. డైనమికల్ డీకప్లింగ్ (ఖాళీగా ఉన్న క్యూబిట్లను పల్స్‌లతో నాయిస్ నుంచి కాపాడేది), పౌలీ ట్వర్లింగ్ (గేట్ల చుట్టూ యాదృచ్ఛికంగా పౌలీ గేట్లు చేర్చేది) రెండూ ఆన్ చేయండి. ట్వర్లింగ్ ఎందుకు ముఖ్యమో తర్వాతి అడుగులో తెలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐబీఎం, టీసీఎస్‌లతో కలిసి అమరావతి క్వాంటమ్ వ్యాలీలో ఇదే 156 క్యూబిట్ల హెరాన్ ఉన్న యంత్రాన్ని పెడతామని 2025లో ప్రకటించింది. మన విద్యార్థులు ఆ యంత్రం ముందుకు వెళ్లేటప్పటికి చేతిలో నడిచే కోడ్, అడగదగ్గ ప్రశ్న రెండూ ఉండాలని నా కోరిక. దానికి కావలసిన అభ్యాసమంతా ఈ రోజే ల్యాప్‌టాప్ మీద మొదలుపెట్టొచ్చు.

తొమ్మిదో అడుగు: మరిచిపోయింది ఎవరు?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. దీనికి రెండు పరీక్షలున్నాయి.

మొదటిది ఎలక్ట్రాన్ల లెక్క. మన మోడల్‌లో ఎలక్ట్రాన్లు పుట్టవు, పోవు. 6తో మొదలుపెడితే ఎప్పుడూ 6 ఉండాలి. 6 కాని షాట్లన్నీ యంత్రం తప్పిదాలే, వాటిని పక్కన పడేయండి. అయితే ఎన్ని మిగిలాయన్నది తప్పనిసరిగా రాసుకోండి. 12 బిట్ల 4096 వరసల్లో సరిగ్గా ఆరు 1లు ఉన్నవి 924, అంటే 22.6 శాతం. పూర్తి చెత్తలోంచి ఏరినా ఇన్ని దొరుకుతాయి. మీ షాట్లలో మిగిలినవి 23 శాతానికి దగ్గరపడుతుంటే ఆ సమయం దగ్గర పదార్థం గురించిన సమాచారం ఏమీ లేనట్టే. 60, 70 శాతం మిగులుతుంటే ముందుకు వెళ్లొచ్చు.

ఈ వడపోత ఫేజ్ దోషాలను పట్టుకోలేదు. ఎలక్ట్రాన్ల సంఖ్య మారకుండానే తరంగాల పొందిక చెడిపోవచ్చు. లోకలైజేషన్ నిలబడేదే ఆ పొందిక మీద. వేర్వేరు దారుల్లో వచ్చిన తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం వల్లే ఎలక్ట్రాన్ ఆగుతుంది. ఫేజ్ చెదిరితే ఆ రద్దు జరగదు, ఎలక్ట్రాన్ నెమ్మదిగా పాకడం మొదలుపెడుతుంది. ఇది నిజమైన పదార్థాల్లో వేడి వల్ల జరిగేదానికి చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి చూడటానికి పూర్తిగా సహజంగా అనిపిస్తుంది. అందుకే ఇంత ప్రమాదం.

దీనికి మందు ఎకో పరీక్ష. సర్క్యూట్‌ను ముందుకు నడిపి, వెంటనే అన్ని కోణాల గుర్తులూ మార్చి, గేట్ల క్రమాన్ని తిరగేసి వెనక్కి నడపండి. దోషాలే లేని యంత్రంలో డిజార్డర్ ఎంతున్నా ఇంబ్యాలెన్స్ మళ్లీ 1కి రావాలి. పదార్థం మరిచిపోయినదంతా వెనక్కి నడిస్తే గుర్తొస్తుంది. యంత్రం మరిచిపోయినది తిరిగి రాదు. 0.64 వచ్చిందనుకోండి, అది రెండింతల గేట్ల నష్టం. ఒకవైపు నష్టం దాని వర్గమూలం, 0.8. ముందుకు మాత్రమే నడిపినప్పుడు వచ్చిన ఇంబ్యాలెన్స్‌ను 0.8తో భాగిస్తే యంత్రం వాటా తీసేసిన అంచనా వస్తుంది. 2021లో గూగుల్ బృందం 20 క్యూబిట్ల మీద టైమ్ క్రిస్టల్‌ను (కాలంలో ఒకే లయను ఆగకుండా నిలుపుకునే దశను) చూపినప్పుడు బయటి నాయిస్‌ను లోపలి మార్పు నుంచి వేరు చేసింది ఇలాంటి ఎకోతోనే. ఆ టైమ్ క్రిస్టల్ నిలబడింది కూడా డిజార్డర్ తెచ్చే లోకలైజేషన్ ఆధారంగానే.

మూడు జాగ్రత్తలు. ముందుకు నడిచే భాగానికి, వెనక్కి నడిచే భాగానికి మధ్య బ్యారియర్ (దాని మీదుగా గేట్లను కలపొద్దని చెప్పే గుర్తు) పెట్టండి. లేకపోతే ట్రాన్స్‌పైలర్ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేస్తాయని గమనించి గేట్లన్నీ తీసేస్తుంది, మీకు దాదాపు 1 వస్తుంది, యంత్రం అద్భుతమని మురిసిపోతారు. రెండోది, ఒక గేట్ ఎప్పుడూ ఒకే వైపు కొంచెం ఎక్కువ తిరుగుతుంటే ఆ తప్పు ముందుకు, వెనక్కి నడకల్లో తనను తాను కొట్టేసుకుని ఎకోలో కనబడకపోవచ్చు. పౌలీ ట్వర్లింగ్ అలాంటి తప్పులను యాదృచ్ఛిక నాయిస్‌గా మార్చి ఈ దాగుడుమూతలను ఆపుతుంది. మూడోది, ఎకో 0.1 కంటే కిందికి వెళ్లిన సమయాల దగ్గర భాగించడం మానేయండి. అక్కడ మీరు పెంచేది నాయిస్‌నే.

ఎకోను 80 జాబితాలకూ నడపక్కర్లేదు. 20 జాబితాలకు చాలు.

ఇదంతా అయ్యాక ఓబ్రీ, ఆండ్రే గొలుసును 1 జె, 2 జె, 4 జెల దగ్గర నడపండి. సరిచేసిన గీతలు ల్యాప్‌టాప్ గీతలతో కలిస్తే మీ ఏర్పాటు నమ్మదగినది.

పదో అడుగు: ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి పట్టించుకుంటే

పక్కపక్క స్థానాల్లో రెండు ఎలక్ట్రాన్లు ఉంటే అదనంగా పడే శక్తిని యూ అందాం. ప్రతి జతకూ గెంతు గేట్ పక్కనే ఒక కంట్రోల్డ్ ఫేజ్ గేట్, కోణం మైనస్ యూ ఇంటూ కాలపు ముక్క. ఒకే జత మీద ఈ రెండు గేట్లు ఏ క్రమంలో పెట్టినా ఒకటే, కాబట్టి ఆ జత లోపల ట్రాటర్ దోషం కొత్తగా రాదు. రెండింటినీ కలిపి ట్రాన్స్‌పైల్ చేస్తే జతకు 3 సీజెడ్‌లు సరిపోతాయి. మొత్తం 452 నుంచి 678కి పెరుగుతుంది, దోషం లేని అవకాశం 13 శాతానికి పడిపోతుంది.

ఇక్కడ పరిశోధన పత్రాల్లో కొలమానాలు కలవక చాలామంది దారి తప్పుతారు. 2015లో లుయిట్జ్, లాఫ్లోరెన్సీ, అలే 22 స్పిన్‌ల దాకా ఖచ్చితమైన లెక్క చేసి, హైజెన్‌బర్గ్ గొలుసులో (పరస్పర ప్రభావం ఉన్న స్పిన్‌ల మోడల్‌లో) లోకలైజేషన్ సుమారు 3.7 దగ్గర మొదలవుతుందని అంచనా వేశారు. ఆ 3.7ను తెచ్చి నేరుగా డబ్ల్యూ స్థానంలో పెట్టకండి. వాళ్ల కొలమానంలో గెంతు బలం, అంటే మన జె, సగం మాత్రమే, యూ మన 2 జెకు సమానం, యాదృచ్ఛిక క్షేత్రం వెడల్పు రెట్టింపు. మన భాషలోకి మారిస్తే డబ్ల్యూ దాదాపు 15 జె. అప్పుడు కాలపు ముక్కను 0.13కు తగ్గించాలి, అంతే సమయానికి గేట్లు రెట్టింపవుతాయి.

ఆ 3.7 కూడా చివరి మాట కాదు. గొలుసు పొడవు పెరిగేకొద్దీ ఆ హద్దు ఇంకా పైకి జరుగుతుందా, అసలు అనంతమైన గొలుసులో అలాంటి దశ ఉందా అన్నది 2020 నుంచి గట్టిగా వాదనలో ఉంది. క్వాంటమ్ యంత్రాలు పెద్ద గొలుసులతో నిజంగా సాయం చేయగలిగింది ఇలాంటి చోటే.

12 క్యూబిట్లకు జవాబు ల్యాప్‌టాప్‌లో సరిచూడటం తేలికే, 6 ఎలక్ట్రాన్లకు 924 స్థితులే ఉంటాయి. 24 స్థానాలకు 27 లక్షలు, అదీ ఒక మంచి కంప్యూటర్ మీద కుదురుతుంది. ఆపైన టెన్సర్ నెట్‌వర్క్‌లతో పోల్చండి. 2023 జూన్‌లో ఐబీఎం 127 క్యూబిట్ల ప్రయోగం ప్రచురించిన కొన్ని వారాలకే అవే సంఖ్యలను సాధారణ కంప్యూటర్ల మీద తేగలమని వేరే బృందాలు చూపించాయి. అందువల్ల ఆ ప్రయోగం విలువ తగ్గలేదు, కానీ పోల్చకుండా గొప్ప చెప్పుకోకూడదని అందరికీ అర్థమైంది.

గొలుసు దాటి వెళ్లాలంటే

రెండు దిశల్లో విస్తరించిన పదార్థానికి జోర్డాన్, విగ్నర్ మార్పిడిలో పొడవైన గేట్ల తోకలు వస్తాయి. ముందు ఎలక్ట్రాన్లకు బదులు స్పిన్ మోడళ్లతో ప్రయత్నించండి, వాటికి ఆ తోకలుండవు. స్పిన్ గ్లాస్‌లు, అంటే రాగిలో మాంగనీస్ చల్లినట్టుండే అయస్కాంత మిశ్రలోహాల మోడళ్లు, మీ ఆసక్తి అయితే గేట్ల యంత్రం కంటే డీ-వేవ్ వారి అనీలర్ (గేట్లు లేకుండా స్పిన్‌ల శక్తిని నెమ్మదిగా మార్చే యంత్రం) దగ్గరి దారి. 2023లో 5000 క్యూబిట్లకు పైగా ఉన్న అనీలర్ మీద మూడు దిశల స్పిన్ గ్లాస్ కదలికను పరిశీలించిన ఫలితం నేచర్ పత్రికలో వచ్చింది. నిజమైన మిశ్రలోహం పేరు పెట్టి లెక్క చేయాలంటే జె, యూ, డబ్ల్యూ విలువలు ముందు డీఎఫ్‌టీ (ఎలక్ట్రాన్ సాంద్రత నుంచి పదార్థ ధర్మాలు లెక్కించే పద్ధతి) లాంటి సాధారణ పద్ధతులతో రావాలి. ఆ విలువలు సరిగా లేకపోతే క్వాంటమ్ భాగం ఎంత బాగా నడిచినా అది ఆ లోహం గురించి చెప్పదు.

ఫలితం పంచుకునేటప్పుడు ఒకే గ్రాఫ్‌లో నాలుగు గీతలు ఉంచండి: యంత్రం ఇచ్చిన ముడి ఇంబ్యాలెన్స్, ఎకోతో సరిచేసినది, ల్యాప్‌టాప్ జవాబు, ఎకో గీత. పక్కన కాలపు ముక్క, జాబితాల సంఖ్య, మిగిలిన షాట్ల శాతం, ఎంచుకున్న క్యూబిట్ల నంబర్లు, నడిపిన తేదీ రాయండి. యంత్రం క్యాలిబ్రేషన్ రోజురోజుకూ మారుతుంది, కాబట్టి తేదీ లేని డేటాను తర్వాత ఎవరూ సరిచూడలేరు.